నేస్తం కట్టిన చెక్కబొమ్మ

“నన్నూ ట్రంకుపెట్టెలో పెట్టు నేస్తం,” అంది చెక్కబొమ్మ.

రమణి గౌను మడతపెట్టడం ఆపి నవ్వు దాచుకుంది. గదికీ వంటింటికీ మధ్య ఉన్నది వెదురు తడక ఒక్కటే. దాని అవతల అమ్మ నూకరత్నం చోళ్లు చెరుగుతోంది. చాట చప్పుడు సరిగ్గా అప్పుడే ఆగింది.

మళ్లీ మొదలెట్టింది అమ్మ, అనుకుంది రమణి.

ఆ బొమ్మను నాన్న సోంబరు కాఫీతోటలో కొట్టేసిన సిల్వర్ ఓక్ కొమ్మతో చెక్కాడు. కిందటేడు చైత్రం పండగకి గూడెంలో ఆడపిల్లలంతా జంటలు జంటలుగా నేస్తం కట్టుకుంటే, రమణికి మాత్రం జంట దొరకలేదు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, బొమ్మ తల మీద పువ్వు పెట్టి దానితోనే నేస్తం కట్టేసుకుంది. ఉత్తుత్తి ఆట కాదది. నేస్తం కట్టాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, ఒకరినొకరు విడిచిపెట్టకూడదు.

ఆ సాయంత్రమే బొమ్మ మొదటిసారి “నేస్తం” అని పిలిచింది. రమణి హడలిపోయింది. తర్వాత తడక వైపు చూసి, ఓహో, అమ్మే గొంతు మార్చి మాట్లాడుతోందన్నమాట అనుకుంది. జంట లేని కూతురి కోసం అమ్మ ఎన్ని తిప్పలు పడుతోందో! తెలిసిపోయిందని చెబితే ఆట ఆగిపోతుందని ఏడాదంతా నోరు మెదపలేదు. ఒక్కో పొద్దున బొమ్మ గూట్లోంచి దిగి గడప దగ్గర నిలబడి ఉండేది. అదీ అమ్మ పనేనని మురిసిపోయేది.

ఇప్పుడేమో ముంచింగిపుట్టు ఆశ్రమ పాఠశాలలో సీటొచ్చింది. అక్కడే ఉండి చదువుకోవాలి. జీపు వచ్చే వేళయింది.

“మాటాడవేటి?” అంది బొమ్మ. “నువ్వెల్లిపోతే నానెవులితో ఆడుకుంటాను?”

రమణి తడక వైపు చూసింది. అమ్మ తన నోటితో అడగలేక బొమ్మ నోటితో అడుగుతోంది, పాపం.

“దసరా సెలవులకి వచ్చెత్తాను గదా.”

“సెలవులంటే ఏటో నాకు తెల్దు. నువ్వు నేకపోతే ఈ ఇంట్లో పొద్దుపోదు.”

“ఎల్లకపోతే సదువెలాగొస్తాది?”

“ఎల్లు. నన్నట్టుకెల్లు.”

రమణి బొమ్మను చేతిలోకి తీసుకుంది. పట్టుకెళ్లాలని ఎంతో ఉంది. కానీ అమ్మ లేని చోట అది ఉత్త చెక్క. ఇక్కడ ఉంటే, తన మీద బెంగ కలిగినప్పుడల్లా అమ్మ దానితో ఆడుకోవచ్చు. దాన్ని గూట్లో కూర్చోబెట్టి, తడక అవతలికి వినబడేలా అంది. “అమ్మని సూసుకో నేస్తం. ఇంక అమ్మకి నువ్వే తోడు.”

“ఒద్దు నేస్తం, నన్నొగ్గీకు,” బొమ్మ గొంతు వణికింది. “మన నేస్తం మీద ఒట్టు, ఒగ్గీకు.”

ఇంకాసేపు అక్కడుంటే తనే వెళ్లలేనని తెలిసి రమణి పెట్టె పట్టుకుని బయటికి పరుగెత్తింది.

జీపు దగ్గర నూకరత్నం కూతుర్ని గట్టిగా పొదువుకుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అనుమానం ఏమైనా మిగిలి ఉంటే రమణికి అదీ తీరిపోయింది.

“బొమ్మని తేనేదేటి గుంటా?”

“నీ కోసమే ఉంచీసినానమ్మా,” చెవిలో చెప్పి రమణి జీపెక్కింది. పక్కన సోంబరు కూర్చున్నాడు. జీపు మలుపు తిరిగేదాకా రమణి చెయ్యి ఊపుతూనే ఉంది.

నూకరత్నం ఇంట్లోకి వచ్చింది. ఇల్లు బావురుమంటోంది. గూట్లోంచి బొమ్మను దించి గుండెకు హత్తుకుంది.

“నీ గొంతూ దాని గొంతూ రెండూ అదే మాటాడీది, నా ఎర్రి గుంట. పని మానేసి మరీ ఇనీదాన్ని,” అని వెక్కిళ్లు పెట్టింది. “ఇంక నిన్నెవులు మాటాడిస్తారే?”

“అమ్మా, నేస్తం నన్నెందుకు ఒగ్గీసింది?” అంది బొమ్మ.