కుండ పట్టుకెళ్లిన ఆదివారం

దగ్గరికి జరగండి. అంత దూరాన గోడకి చేరబడితే సగమే వినబడుతుంది. ఇది మ్యూజియం మేడం కోపం కథ.

"గోడకి రంగు పూసిందెవరు? ఆ కుర్చీ ఉన్నది కూర్చోడానికా, బొమ్మలు గీయడానికా?"

అప్పటికి పొద్దున పదయినా కాలేదు. నెలకో ఆదివారం ఆ చిన్న మ్యూజియంలో పిల్లల రోజు జరుగుతుంది. వెంట అమ్మలూ నాన్నలూ తాతలూ వస్తారు. వీధిలో కాలువ తవ్వుతుంటే దొరికిన ఆరువందల ఏళ్లనాటి కుండ ఒకటి అక్కడ అద్దాల పెట్టెలో ఉండేది. మెడ చుట్టూ అలలా ఒక గీత, అంచున గోరంత పెచ్చు ఊడిన గంటు. సరిగ్గా అలాంటి కుండలే కుమ్మరి పెద్దమ్మ పిల్లల కోసం చేసి తెచ్చేది, గీతతో, గంటుతో సహా. గంటు లేకపోతే పిల్లలు ఒప్పుకోరట, పెట్టెలో దానికి ఉందిగా అని నిలదీస్తారట. మేడం పాత కుండ కథ చెబితే విని, తలా ఒక కొత్త కుండకి రంగులేసుకుని ఇంటికి మోసుకెళ్లేవారు.

ఆ మ్యూజియానికి జనం వచ్చేది ఆ ఒక్క కుండ కోసమే. అది పోతే పిల్లల రోజు పోతుంది, ఆ వెనకే తలుపులకి తాళం పడుతుంది. అలాంటిది, దాన్ని రాజధానిలోని పెద్ద మ్యూజియానికి తరలిస్తామని పైనుంచి కాగితం వచ్చింది. మేడం ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. గోడకి చెప్పుకున్నా అదైనా ఊ కొట్టేదేమో గానీ, వాళ్లు ఉలకలేదు, పలకలేదు. పట్టుకెళ్లే ఆఫీసరు చూసి చూసి ఈ ఆదివారమే వస్తానని కబురు పెట్టాడు.

ఇక చూడండి, పొద్దున్నుంచీ ఆవిడ చిటపటలే చిటపటలు. కుళాయి కట్టనివాళ్లని కసిరింది. గుమ్మంలో చెప్పులు విడిచినవాళ్లని కసిరింది. కిటికీ గట్టు మీద ఓ మసికుండ నిండా బ్రష్షులుంటే, ఒక పిల్లాడు గుప్పెడు ఒకేసారి లాగాడు. ఒక్కొక్కటీ తీసుకోవాలని తెలీదా అని వాడికీ వాడి తాతకీ కలిపి చీవాట్లు పెట్టింది. తాత నొచ్చుకుంటే మ్యూజియంలో పనిచేసే ఆయా పక్కకి పిలిచి సర్దిచెప్పింది.

"ఏమీ అనుకోకండి బాబుగారూ. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తోంది."

అంతలో దిగింది గడుగ్గాయి, ఆరేళ్లది, తల్లిని ఈడ్చుకుంటూ. ఆలస్యంగా వచ్చింది కాబట్టి కొత్త కుండలన్నీ అయిపోయాయి. అది గదంతా కలియజూసి కిటికీ వైపు చెయ్యి చాపింది.

"నాకు అది ఇవ్వండి."

"అది బ్రష్షులదమ్మా."

"బ్రష్షులు డబ్బాలో వేసుకోండి."

మేడం కిటికీకి అడ్డంగా నిలబడింది. ఇవ్వనంటే ఇవ్వనంది. పిల్ల రాగం అందుకుంది. తల్లికి ఒళ్లు మండింది. "ఓ పాత కుండ కోసం పసిదాన్ని ఏడిపిస్తారా? పిల్లలంటే గిట్టనివాళ్లకి పిల్లల రోజులెందుకు?" అని నలుగురిలో అనేసింది.

ఆఫీసరు వచ్చింది సరిగ్గా ఆ ఏడుపులోనే. వెంట ఇద్దరు మనుషులు, దూది పరిచిన చెక్కపెట్టె ఒకటి. సాయంత్రంలోగా ఇంకో రెండు ఊళ్లు తిరగాలి, కాళ్ల కింద నిప్పులున్నాయన్నాడు. జేబులోంచి ఫొటో తీసి, అద్దాల పెట్టెలోని కుండకి గీత చూశాడు, గంటు చూశాడు, కాగితం మీద టిక్కు కొట్టాడు. ఆయా కళ్లొత్తుకుంటుంటే మేడం ఆమె మీదా విరుచుకుపడింది.

"ముక్కు చీదింది చాలు, ఆ దూది అందుకో."

తర్వాత వంతు ఆఫీసరుది. ఆయన రిజిస్టరు కిటికీ గట్టు మీద పెట్టబోతే, అక్కడంతా పచ్చి రంగులు, కళ్లు కనబడవా, బల్ల మీద పెట్టుకోండి అంది. ఆయన నవ్వేశాడు.

"ఇంత కోపిష్ఠి చేతుల్లో ఈ కుండ ఇన్నేళ్లు ఎలా బతికిందమ్మా?"

సంతకాలయ్యాయి. వెళ్తూ వెళ్తూ ఖాళీ అయిన అద్దాల పెట్టె చూసి ఆయనకే జాలేసినట్టుంది. బోసిగా ఉంది, ఓ నకలు పెట్టుకోండి అన్నాడు. "ఆ బ్రష్షులదే పెట్టండి. గీతా గంటూ ఉన్నాయిగా."

"మీరు చెబితే సరే," అంది మేడం.

బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత బ్రష్షులు డబ్బాలో వేసి, కుండ కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, గడుగ్గాయిని పిలిచింది. దానిచేత సబ్బుతో చేతులు కడిగించింది. రెండు చేతులా పట్టుకోమని, ఆ చేతుల కింద తన చేతులు పెట్టి, ఇద్దరూ కలిసి కుండని అద్దాల పెట్టెలో దించారు. దాని ముందు 'నకలు' అని చీటీ పెట్టింది.

పిల్ల ఏడుపు మానింది గానీ తల్లి ఊరుకోలేదు. "నకలు చూడ్డానికి ఎవరొస్తారండీ?" అని మూతి విరిచింది.

"వచ్చే నెల రండి, కథంతా మళ్లీ చెబుతాను," అంది మేడం. ఆ రోజు మొత్తంలో ఆవిడ నవ్వింది అప్పుడే.

ఈ కథ గుర్తుంచుకుని మీ పిల్లలకీ చెప్పండి. వినేవాళ్లలో ఆ ఆఫీసరు చుట్టాలెవరైనా ఉంటే మాత్రం, చివరి మాట ఒక్కటి మింగేయండి.

ఆ చీటీ పెట్టిన కుండే అసలుది.