మోగిందా అండీ?

“నీ ఫోను నువ్వే అట్టుకెళ్ళిపో బాబూ! ఇంక నాకాడ ఒగ్గొద్దు,” అంటూ చిట్టమ్మ ఆ టచ్ ఫోనుని బల్ల మీద గవర్రాజు ముందుకి తోసేసింది.

ఉక్కు ప్లాంటు గేటు పక్కన చిట్టమ్మది టీ బడ్డీ. కెమెరా ఉన్న ఫోనుని గేటు దాటి లోపలికి రానివ్వరు. అందుకని డ్యూటీకి వెళ్ళేముందు గవర్రాజు రోజూ తన ఫోనుని ఆమె దగ్గరే పెట్టి వెళతాడు.

“అదేంటండీ చిట్టమ్మగారూ, నేనేం తప్పు చేశానండీ?”

“నువ్వటు లోపలికెల్తావు, ఇటిది మొదలెడతాది. నిన్న బజ్జీలేత్తంటే ఒకటే గోల! పోనీ ఎత్తుదావంటే నొక్కితే ఇనదు, గీకితే ఇనదు. నూనె సెయ్యేమో, ఏలు జారిపోతాది. టీ తాగేవోళ్ళందరూ నన్ను సూసి నవ్వడవే! బొత్తాల్లేని ఫోనేటి నాయినా, బొత్తాల్లేని సొక్కాలాగ!”

“ఎత్తొద్దండి. మోగనిచ్చేయండి. సాయంత్రం నేను రాగానే, మోగిందో లేదో ఒక్క మాట చెబితే చాలండి.”

“దానికి నానెందుకు? అందులోనే కనబడతాది గదా!”

“ఆయ్, కనబడుద్దండి. కానీ మీరు చెబితే బాగుంటుందండి.”

చిట్టమ్మ టీ గిన్నెలో గరిటె తిప్పింది.

టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ద్వారకా నగర్ బజారులో కొనుక్కొచ్చిన కొత్తలో అందరూ గవర్రాజు చుట్టూ మూగి, “ఏదీ, ఓసారి గీకు” అని వింతగా చూశారు. వింత తీరాక ఎవరి దారి వాళ్ళది. గోదావరి జిల్లా నుంచి ఒక్కడూ వచ్చి, కూర్మన్నపాలెంలో అద్దె గదిలో పడుంటున్నాడు. మెస్సులో “సాంబారు వెయ్యనా?” అనేవాడు తప్ప అతన్ని పలకరించే నాథుడు లేడు. పగవాడిక్కూడా వద్దు బాబూ ఆ బతుకు. సాయంత్రం గేటు దాటి రాగానే “మోగిందా అండీ?” అని అడుగుతాడు. “మోగకేం! ఎవులో గానీ నీ మీద పేనాలెట్టుకున్నారు!” అని చిట్టమ్మ బడ్డీ అంతా వినబడేలా అరుస్తుంది. అందరూ తిరిగి అతని వైపు చూస్తారు. ఆ కాసేపూ తనకీ ఒక మనిషి ఉన్నట్టు ఉంటుంది గవర్రాజుకి.

“బావా, నాకో డౌటు,” అన్నాడు బల్ల చివర టీ తాగుతున్న అబ్బులు. గవర్రాజు పనిచేసే సెక్షనే. నోరు ఊరుకోదు. “సెలవు రోజల్లా ఆ ఫోను నీ సేతిలోనే ఉంటాది. ఒక్కపాలైనా మోగగా సూడలేదు. నువ్వు లోపలుంటేనే మోగతాదేటి? ఎవులా మనిసి?”

“మావాళ్ళేనండి.”

“మీవోళ్ళంటే?”

గవర్రాజు వేడి టీ గబగబా మింగి నోరు కాల్చుకున్నాడు.

“మీవోళ్ళూ లేరు, మావోళ్ళూ లేరు. కాలర్ ట్యూను ఎట్టుకోమని ఫోను కంపెనీ పిల్ల సేత్తంటాది! నీకు ఫోను సేసే మనిసెవులు బావా?”

బడ్డీ అంతా గొల్లుమంది. గవర్రాజు కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

“ఇదిగో చిట్టమ్మా, ఇయ్యాల ఆ ఫోను ఇక్కడే ఉండనీ. మోగితే ఎత్తి, ఎవులో కనుక్కో. కంపెనీ పిల్లయితే సాయంత్రం అందరికీ టీల డబ్బులు ఈ బావియ్యి. మనిసైతే నాయి. పందెం!”

“వద్దండి! ఎత్తొద్దండి చిట్టమ్మగారూ!” గవర్రాజు ఫోను కేసి చెయ్యి చాపాడు. అంతలో సైరన్ మోగింది. అబ్బులు అతని భుజం మీద చెయ్యి వేసి గేటు వైపు లాక్కుపోయాడు.

ఆ రోజంతా గవర్రాజుకి పని మీద ధ్యాస లేదు. క్యాంటీన్లో ప్లేటు ముందు కూర్చుని, ముద్ద దిగక లేచిపోయాడు. సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ బయటికొచ్చేసరికి, అబ్బులు అప్పటికే నలుగురినీ పోగేసి కూర్చున్నాడు.

“సెప్పు చిట్టమ్మా, మోగిందా?”

చిట్టమ్మ గవర్రాజు వైపు చూసింది. రోజూ అడిగే మాట ఆ రోజు అతని నోట్లోంచి రాలేదు. బడ్డీ గుంజ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

“మోగకేం!” అంది చిట్టమ్మ గట్టిగా. “సెయ్యి శుబ్బరంగా తుడుసుకుని మరీ గీకాను. ఈపాలి ఎత్తనిచ్చింది.”

“కంపెనీ పిల్లే గదా?”

“నీ మొకం! ఆడమనిసి. అచ్చం ఈ బాబుకిమల్లే ఆయ్, ఆయ్ అంటంది. మావాడు అన్నం తిన్నాడా అండీ, అనడిగింది.”

బడ్డీలో ఎవరూ నవ్వలేదు. అబ్బులు మెడ గోక్కుంటూ, “సర్లే, అందరికీ టీలెయ్యి” అన్నాడు.

గవర్రాజు కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. “మీరేం చెప్పారండీ?” అన్నాడు.

“తిన్నాడనే సెప్పాను. తిన్నావా?”

“లేదండి.”

“మరి నన్ను అబద్దాలకోరుని సేత్తావేటి? తిను ముందు!” అంటూ కాగితంలో వేడి వేడి బజ్జీలు వేసి చేతికిచ్చింది.

గవర్రాజు తల వంచుకుని ఒక్కో ముక్కా నమిలాడు. రోజూ లోపల్నించి తన టచ్ ఫోనుకి తనే చాటుగా రింగిచ్చుకునే కెమెరా లేని పాత ఫోనుని, ఆ పొద్దున్న అతను గదిలోనే మరిచిపోయి వచ్చాడు.