చప్పుడు తగ్గే రంపం

"అబ్బ, ఆ మిషను ఆపండీ" అంది ఇన్నమ్మ వంటింట్లోంచి.

"సరేలే" అన్నాడు షెడ్డులోంచి బాలశౌరి.

ముసునూరులో వాళ్ళ ఇల్లూ, వడ్రంగం షెడ్డూ ఒకే గోడకి రెండు వైపులా ఉంటాయి. షెడ్డు మధ్యలో కరెంటు రంపం. ఊళ్ళో సగం గుమ్మాలు దాని మీద కోసినవే. ఆ చప్పుడు వింటూనే ఇరవై ఏళ్ళు వంట చేసిన ఇన్నమ్మకి ఇప్పుడది గిట్టడం లేదు. చెవుల్లో దూది పెట్టుకుంటోంది. రెండు ముద్దలు తిని లేచిపోతోంది. సీజను కదా, మామిడి లారీలు ఇంటిముందే హారన్లు కొట్టుకుంటూ పోతాయి. వాటితో పేచీ లేదు. రంపం ఒక్కటే.

బాలశౌరి బెజవాడ బస్సెక్కాడు. మిషన్లకి విడి సామాన్లు అమ్మే రాజీవ్, చప్పుడు తక్కువ చేసే బ్లేడు చూపించాడు. బాలశౌరి దాన్ని తెచ్చి బిగించాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"అలాగే ఉందండీ."

మళ్ళీ వెళ్ళాడు. అదురు లేకుండా మిషను కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు తెచ్చాడు. ఇంకోసారి మోటారుకి కొత్తరకం బెల్టు. ఈలోగా గుమ్మాల ఆర్డరు వస్తే, "నావల్ల కాదండీ" అని పంపేశాడు.

"బెల్టు ఎలా ఉంది?" అడిగాడు రాజీవ్.

"తగ్గలేదంట."

"మీ ఆవిడ సంగతి సరే. మీకెలా ఉందండీ?"

"నాదేముంది లెండి."

"పోనీ చెయ్యి తగలకుండా బ్లేడు మీదకి గార్డు పెట్టించుకోండి. చప్పుడుకి కాదనుకోండి, మనిషికి మంచిది."

బాలశౌరి జేబులోంచి డబ్బులు తీశాడు.

"ఇవ్వండి" అన్నాడు.

గార్డు బిగిస్తుంటే స్క్రూ మూడుసార్లు జారిపడింది. మూడుసార్లూ వంగి తీసుకున్నాడు. విసుగు రాలేదు. ఈ మధ్య అతనికి ఏదీ రావడం లేదు, ఏడుపు కూడా.

ఆదివారం చర్చిలో పూజకి వెళ్ళొచ్చి ఇన్నమ్మ బట్టలు సర్దుకుంది.

"రేపు బాపులపాడు పోతానండీ, అన్నయ్య దగ్గరికి. ఇక్కడుంటే పిచ్చెక్కేలా ఉంది. మళ్ళీ వస్తానని మాత్రం చెప్పలేను."

సోమవారం ఆమె బయల్దేరేలోపే మోటారు చుట్టూ స్పాంజి అతికించిన చెక్కపెట్టె అమర్చాడు. ఇంక పెట్టడానికి షాపులో కూడా ఏమీ మిగల్లేదు.

"ఇన్నమ్మా, ఒక్కసారి విను."

ఆమె సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. చెవుల్లో దూది తీసి, కళ్ళు మూసుకుని వింది.

"తగ్గిందా?"

"లేదండీ."

బయట ఆటో వచ్చి ఆగింది. బాలశౌరి చేతులు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమెని అడగడమే గానీ, తన సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

"నాకూ వినబడుతూనే ఉంది" అన్నాడు.

ఇన్నమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత సంచి కింద పెట్టి, ఆటోని పంపేయమంది.

కొడుకు ప్రేమ్ కుమార్ ఆ మిషను మీదే ప్రాణం వదిలిన రోజున బాలశౌరి దాని కరెంటు పీకేశాడు. ఈ పదకొండు నెలల్లో అది ఒక్కసారి కూడా తిరగలేదు.