అడగని కప్పు

కప్పు ఇంకా రాలేదు. వెంగ్ ఫాయ్ వచ్చి కూర్చుని మూడు నిమిషాలైంది. పాలరాతి బల్ల మీద అరచేతులు ఆనించి, పొయ్యి వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు.

"మెడ పట్టేస్తుందయ్యా," అన్నాడు ఎదురుగా కూర్చున్న గుణరత్నం, సగం ఉడికిన గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటూ. రైల్వే గార్డుగా రిటైరై పన్నెండేళ్ళయినా ఆయన మాట పక్క ప్లాట్‌ఫారం దాకా వినిపిస్తుంది. "ముప్ఫై ఏళ్ళుగా వస్తున్న కాఫీ ఇవాళ రాకపోతుందా?"

"లియోంగ్ విషయంలోనూ అలాగే అనుకున్నాం."

గుణరత్నం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పొద్దున్నే ఆ మాటెందుకు?"

తైపింగ్ ఊళ్ళో ఫూ కాఫీ కొట్టుకి వచ్చే పాతవాళ్ళెవరూ నోరు తెరిచి ఇది కావాలని చెప్పరు. చెబితే యజమానికి చిన్నతనం. అందరూ తౌకే అని పిలిచే ఆ ఎనభై రెండేళ్ళ పెద్దాయన, మనిషి వచ్చి కూర్చోగానే ఆ మనిషి కాఫీ పంపించేస్తాడు. ఎవరికి చిక్కటి పాలు, ఎవరికి పాలు లేకుండా, ఎవరికి పంచదార సగం, అంతా ఆయన బుర్రలోనే. అలాంటి మనిషి మే నెలలో ఒకరోజు గడియారాల లియోంగ్ దగ్గరికి వచ్చి, "ఏం తాగుతారండీ?" అని అడిగాడు. కొట్టంతా నవ్వింది. లియోంగ్ అందరికంటే గట్టిగా నవ్వి, ఐదో రోజున పోయాడు. జూలైలో కుట్టుపని చేసే యిప్ అమ్మగారిని అడిగాడు. ఆవిడ వారం తిరక్కుండానే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

"లియోంగ్‌కి ఎనభై ఏడు. ఆవిడకేమో షుగరు," అన్నాడు గుణరత్నం. "తౌకే అడక్కపోతే ఇద్దరూ చిరంజీవులై ఉండేవారా?"

"మరి నువ్వెందుకు గుమ్మంలోంచే 'పాలు లేకుండా' అని అరుచుకుంటూ వస్తున్నావు?"

గుణరత్నం కాయా అనే కొబ్బరి జామ్ రాసిన రొట్టెముక్క గుడ్లలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

శుక్రవారం ఈపో పట్నంలో వెంగ్ ఫాయ్‌కి గుండె ఆపరేషను. చేయించుకుంటే పదేళ్ళు నిశ్చింతగా ఉండవచ్చన్నాడు డాక్టరు. చేయించుకోకపోతే ఏడాదికి కూడా తాను పూచీ పడలేనన్నాడు. ఆపరేషను బల్ల మీద పడుకోవడమంటే వెంగ్ ఫాయ్‌కి చచ్చేంత భయం. అందుకే ఎవరికీ చెప్పకుండా మనసులో ఒక ఒట్టు పెట్టుకున్నాడు. శుక్రవారం దాకా అడక్కుండానే కప్పు వస్తే వెళ్ళడం, తౌకే అడిగితే మానుకోవడం. నిన్నటిదాకా కప్పు వచ్చింది.

నిజానికి అతన్ని ఎక్కువగా భయపెట్టేది తౌకే కూతురు స్వీ లాన్. లియోంగ్ పోయిన మర్నాడే బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఎవరు లోపలికి వచ్చినా ముందు వాళ్ళ ముఖం పరీక్షగా చూస్తుంది. తర్వాత తండ్రి చెవిలో ఏదో చెబుతుంది. ఆయన తల ఊపి కాఫీ కలుపుతాడు. తర్వాతి వంతు ఎవరిదో చెబుతోందా అన్నట్టుంటుంది చూసేవాళ్ళకి.

"అంత గుసగుసగా ఏం చెబుతుందంటావు?" అన్నాడు వెంగ్ ఫాయ్.

"ఆమెనే అడగలేకపోయావా?"

"నిన్న అడిగాను."

"ఏమంది?"

"'మీ ఒంట్లో ఎలా ఉంది అంకుల్?' అంది."

వెనక సందులో ఐసు బండి హారన్ మోగింది. స్వీ లాన్ చేతులు తుడుచుకుంటూ అటు వెళ్ళింది. పొయ్యి దగ్గర తౌకే ఒక్కడే మిగిలాడు. గుడ్డసంచిలో కాఫీ వడపోస్తున్నవాడు ఉన్నట్టుండి ఆగి, పాత్ర పక్కన పెట్టి, తుడుపుగుడ్డ భుజాన వేసుకుని బయల్దేరాడు.

"ఇటే వస్తున్నాడు," అన్నాడు వెంగ్ ఫాయ్.

"బల్ల తుడవడానికేలే."

తౌకే నిజంగానే బల్ల తుడిచాడు. మూలమూలలా నింపాదిగా తుడిచాడు. తర్వాత తలెత్తి వెంగ్ ఫాయ్ ముఖంలోకి చూశాడు.

"ఏం తాగుతారండీ?"

"తౌకే, నేను. వెంగ్ ఫాయ్‌ని. మీ ఆవిడ పోయినప్పుడు శవపెట్టె మోసినవాణ్ణి."

తౌకే మర్యాదగా నవ్వాడు. "మంచిదండీ. ఏం తాగుతారు?"

"పాలు పోసి, పంచదార తక్కువ," అన్నాడు గుణరత్నం. ఆయన గొంతు పక్కబల్లకి కూడా వినపడలేదు. తౌకే వెనక్కి తిరిగాడు.

వెంగ్ ఫాయ్ ఫోను తీశాడు.

"ఎవరికి?"

"మా అమ్మాయికి. శుక్రవారం వద్దని చెప్పేస్తాను. ఎలాగూ పోయేవాణ్ణి, కోయించుకుని పోవడం దేనికి?"

"పిచ్చివేషాలు వెయ్యకు. ఫోను లోపల పెట్టు."

"నిన్ను అడిగితే తెలిసేది."

ఫోను ఎత్తారు. "ఏంటి నాన్నా, పొద్దున్నే?" అంది కూతురు.

వెంగ్ ఫాయ్ మాట కూడదీసుకుంటూ తలెత్తాడు. తౌకే పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. వెనక గుమ్మంలోంచి పరుగున వచ్చిన స్వీ లాన్ ఐసు బుట్టతో సహా సగం దారిలోనే నిలిచిపోయి, కళ్ళనిండా నీళ్ళతో తండ్రినే చూస్తోంది.

గోడకున్న నిలువుటద్దం ముందు వంగి, అందులోని ముసలాయన్ని తౌకే మర్యాదగా అడుగుతున్నాడు, "ఏం తాగుతారండీ?"