పడుకున్న యోర్దాను

గోడకి మేకు కొట్టి పటం తగిలించాక, దర్జీ నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. నవ్వాగలేదు.

అది బైబిలు దేశపు పటం. ఊళ్ల పేర్లుండవు. చదువుకునేవాళ్లే ఒక్కోటీ గుర్తించి రాసుకోవాలి. భార్య వెళ్తున్న సాయంత్రం క్లాసులో మాస్టారు ఇచ్చారు. ఎడమవైపు ఉండాల్సిన పెద్ద సముద్రం అడుక్కి వచ్చేలా, దర్జీ దాన్ని పక్కకి తిప్పి కొట్టాడు. ఉత్తర దిక్కు గుర్తు మీద గుడ్డముక్క అంటించాడు. అరగంటలో కనిపెట్టి చెవి మెలిపెడుతుంది, ఇద్దరం పడీ పడీ నవ్వుకుంటాం అనుకున్నాడు.

ఆమె గుండీలు కుడుతూ పటం వంక చూసింది. ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. వారం తిరిగేసరికి నజరేతు, యెరికో, బేత్లెహేము అంటూ ఆ పటం మీదే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసింది.

దర్జీకి అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షలో ఈ పటమే చూడకుండా గీయాలి. మొదటి స్థానం వచ్చినవాళ్లని మాస్టారు ఆ దేశం తీసుకెళ్లి తవ్వకాలు చూపిస్తారు. మూడువేల ఏళ్ల నాటి కుండపెంకుని చేత్తో పట్టుకోవాలని ఆమెకి పెళ్లికి ముందు నుంచీ కోరిక.

"ఏమండీ, యోర్దాను నది పైనుంచి కిందికి పారుతుందన్నారు మాస్టారు. ఇక్కడేంటి, అడ్డంగా పడుకుంది?"

"ఎండలు కదే. అలిసిపోయుంటుంది."

"పాపం," అని ఆమె దారం కొరికింది.

ఇంకో రోజు మళ్లీ అడిగింది. "బైబిల్లో ఒకాయన యెరూషలేము నుంచి యెరికోకి దిగి వెళ్లాడని ఉంది కదా. ఇందులో చూస్తే మనిషి పైకెక్కుతున్నాడు!"

"కొండల దేశం మరి. ఎక్కితేగానీ దిగలేరు."

"మీరు చదువుకోలేదుగానీ, చదువుకునుంటే మాస్టారికి ఉద్యోగం ఉండేది కాదండీ."

ఇవాళ చెప్పేద్దాం అని రోజూ అనుకునేవాడు. ఆమె కళ్లు మూసుకుని, గాల్లో వేలితో ఊళ్లు గీసుకుంటూ కనిపించేది. చెప్పకుండానే వెళ్లి మిషను తొక్కుకునేవాడు. అలా మూడు నెలలు గడిచాయి.

పరీక్ష రోజు దర్జీ ఓ చొక్కాకి మెడ దగ్గర ఇంకో చెయ్యి కుట్టేశాడు.

"నాకేమన్నా మూడు చేతులున్నాయా?" అని చొక్కా తాలూకు మనిషి అరుస్తుంటే, మెళ్లో టేపుతోనే పరుగు లంకించుకున్నాడు.

అతను క్లాసుకి చేరేసరికి పరీక్ష అయిపోయింది. అందరూ వెళ్లిపోయారు. మాస్టారు ఒక్కరే పేపర్లు దిద్దుతున్నారు.

"మాస్టారూ, తప్పంతా నాది! పటం నేనే తిప్పి కొట్టాను. మా ఆవిడకేం తెలీదు. కావాలంటే నన్ను కొట్టండి, దాని మార్కులు మాత్రం కొట్టెయ్యకండి!"

మాస్టారు ఓ పేపరు పైకి తీశారు. "నిజమే. సముద్రాన్ని అడుగునే గీశారు."

"అయిపోయింది," అని దర్జీ బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏమీ అయిపోలేదు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఓ చర్చి నేల మీద రంగురాళ్లతో పేర్చిన పటం ఒకటుంది. అందులో తూర్పే పైన, సముద్రం కింద. ఆ పటం లాగే తనూ గీశానని వివరంగా రాశారావిడ. క్లాసులో ఇంకెవరికీ ఆ సంగతి తెలీదు. ప్రయాణం ఆవిడదే."

దర్జీ లేచి నిలబడ్డాడు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చూశారా మాస్టారూ! నేను ఆ మేకు అలా కొట్టబట్టే కదా!"

మాస్టారు పేపరు చివరి పేజీ తిప్పి అతని చేతికిచ్చారు.

అక్కడ అవే ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది: "మాస్టారూ, మేకు కొట్టిన రోజే పసిగట్టి మూడు నెలలుగా ఉడికిస్తున్నాను, ఈపాటికి మా ఆయన రొప్పుకుంటూ మీ దగ్గరికి వచ్చే ఉంటారు, కాసిన్ని మంచినీళ్లివ్వండి."