పేదవాడి వేషం

బ్యానరు ముందే వచ్చింది. బియ్యం తర్వాత వచ్చాయి.

బ్యానరు మీద అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘం అధ్యక్షుడు చిరునవ్వుతో చేతులు జోడించి ఉన్నాడు. కింద చిన్న అక్షరాల్లో 'మహమ్మారి బాధితులకు చేయూత' అని ఉంది. అది చదవాలంటే బాధితులు బాగా దగ్గరికి రావాలి. దగ్గరికి రావద్దని పక్కనే ఇంకో బోర్డు ఉంది.

ఒక్కో సంచీలో బియ్యం, పప్పు, నూనె ప్యాకెట్టు, ఓ కవరులో కొంత డబ్బు. అన్నీ అపార్ట్‌మెంటు వాళ్ళు, వాళ్ళ బంధువులు చందాలేసుకుని ఇచ్చినవే. అందరికంటే ముందు చందా ఇచ్చింది రెండో అంతస్తులో ఉండే ట్రావెల్స్. ఆయనకూ ఓ పేరుంది గానీ, టూరిస్టు బస్సులు నడుపుతాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. లాక్‌డౌన్ పుణ్యమా అని ఇప్పుడు బస్సులు షెడ్డులో ఉన్నాయి, ఆయన సమాజసేవలో ఉన్నాడు.

మొదటి ఆదివారమే చిక్కొచ్చి పడింది. సేవాభావం మీద అధ్యక్షుడి ఉపన్యాసం అయ్యేదాకా జనం ఎండలో ఓపిగ్గా నిలబడ్డారు. అందరికంటే ముందు వీధి చివర ఇస్త్రీ చేసే ఆమె వచ్చింది. కమిటీ మొత్తం ఆమెకిచ్చే సంచీ మీద తలా ఓ చెయ్యి వేసింది. సంచీ కనపడటం మానేసింది.

"అమ్మా, కాస్త దీనంగా చూడు" అన్నాడు అధ్యక్షుడు.

"ఫొటో ఎందుకు సార్?"

"దాతలకు పంపాలి. చూస్తేనే కదా ఇంకా ఇస్తారు."

"మా పిల్ల క్లాసు వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఫోన్లున్నాయి సార్." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "బియ్యం మీ దగ్గరే ఉంచండి."

ఆమెతో పాటు వెనక ఉన్న వరసంతా కదిలిపోయింది. కమిటీ నివ్వెరపోయింది. ఆకలి తీరుద్దామని వస్తే మధ్యలో అభిమానం అడ్డుపడటం వాళ్ళకు బొత్తిగా నచ్చలేదు.

అప్పుడు ట్రావెల్స్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, సంచీలు వెనక గేటు దగ్గర ఫొటో లేకుండా ఇచ్చేద్దాం. ఫొటోకి నేను నిలబడతాను. మాస్కు ఉందిగా, ఎవరు గుర్తుపడతారు?"

అధ్యక్షుడి ముఖం విప్పారింది.

ట్రావెల్స్ ఇంట్లోకి వెళ్ళి వెలిసిపోయిన చొక్కా ఒకటి తొడుక్కొచ్చాడు. భుజాలు వంచాడు. చూపు నేలకు దించి చేతులు చాపాడు. సంచీ అందగానే వేళ్ళు కాస్త వణికాయి కూడా. కమిటీ చప్పట్లు కొట్టింది.

"బస్సులు నడుపుకుంటూ ఉండిపోయారు గానీ మీరు నాటకాల్లో ఉండాల్సిందండీ" అంది ఫొటో తీసిన కార్యదర్శి.

"ఈ సంచీ మాత్రం నాకివ్వండి" అన్నాడు ట్రావెల్స్. "నాకు తెలిసిన ఇల్లొకటి ఉంది. గేటు దాకా వచ్చి అడగలేని వాళ్ళు. నేనే చేరవేస్తాను."

"ఎవరు వాళ్ళు?"

"చదువుకునే పిల్లలిద్దరు. రోజూ మందులు పడాల్సిన తల్లి. సంపాదన ఆగిపోయింది. ఇది లేకపోతే పొయ్యి వెలగదు సార్. కానీ ఆ ఇంటాయన చచ్చినా నోరు తెరిచి అడగడు."

"అలాంటివాళ్ళ కోసమేగా మనం ఉన్నది" అన్నాడు అధ్యక్షుడు, ఫొటోలో తన పొట్ట ఎలా వచ్చిందో చూసుకుంటూ.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. వెనక గేటు దగ్గర సంచీలు, ముందు గేటు దగ్గర పేదరికం. ట్రావెల్స్ నటన వారం వారం రాటుదేలింది. పాత్ర కోసం మనిషి ఒళ్ళు కూడా తగ్గించాడు. అంకితభావమంటే అదీ అని కమిటీ మెచ్చుకుంది. చందాలు వచ్చిపడ్డాయి.

అంతలో దాతల గ్రూపులో అధ్యక్షుడి బావమరిది ఓ మెసేజి పెట్టాడు.

"బావా, మీ ఊరు మొత్తానికి పేదవాడు ఒక్కడేనా? ప్రతి వారం అవే చెవులు."

అధ్యక్షుడికి ఆ పూట అన్నం సయించలేదు. పేదరికం ఆయన్ని అంతగా బాధపెట్టడం అదే మొదలు. వెంటనే ట్రావెల్స్‌ని పిలిపించాడు.

"ఇక వేషాలు చాలు. అసలైన మనిషి కావాలి, మాస్కు లేకుండా. వారం వారం మీరు సంచీ మోసుకెళ్తున్నారే, ఆ ఇంటాయన్ని తీసుకురండి."

"రాడు సార్. పరువు గల మనిషి."

"పరువు నాకు లేదా? గ్రూపులో తలెత్తుకోలేకపోతున్నా. ఇన్నాళ్ళు మన తిండి తిని ఒక్క ఫొటోకి నిలబడలేడా? ఆయన రాకపోతే వచ్చే వారం నుంచి ఆ ఇంటికి సంచీ లేదు."

"పిల్లలున్నారు సార్."

"అందుకే రమ్మంటున్నా. పిల్లలున్నవాడికి ఆ మాత్రం బాధ్యత ఉండొద్దూ?"

ట్రావెల్స్ "చెప్పి చూస్తాను" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. అసలైన పేదవాణ్ణి కళ్ళారా చూడాలని బాల్కనీల నిండా జనం చేరారు. కార్యదర్శి ఫోను శుభ్రంగా తుడిచి పట్టుకుంది. కమిటీ సంచీ చుట్టూ మూగింది. అధ్యక్షుడు జుట్టు దువ్వుకున్నాడు.

ట్రావెల్స్ ఒక్కడే దిగి వచ్చాడు. ఆఫీసుకు వేసుకెళ్ళే తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. భుజాలు వంచలేదు. నేరుగా బ్యానరు ముందుకు వెళ్ళి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు.

"ఏడీ ఆయన?" అధ్యక్షుడు గేటు వైపు మెడ చాచి చూశాడు. "మళ్ళీ మీరొచ్చి నిలబడ్డారేంటి? ఈసారి నటన వద్దని చెప్పానుగా."

ట్రావెల్స్ మాస్కు తీసి జేబులో పెట్టుకుని, సంచీ కోసం రెండు చేతులూ చాచి, "నేను ఏ ఆదివారమూ నటించలేదు సార్" అన్నాడు.