పుణ్యం చేసుకున్న మౌసు

“ఇది శానా చిన్నదప్పా. వేళ్లు ముడుచుకోని పట్టుకోవాల్సొస్తాంది,” అంటూ చౌడేశ్వరి ఆ మౌసును వెనక్కి జరిపింది.

కర్నూలులో కంప్యూటర్ సామాన్లు అమ్మే దుకాణం అది. గాజుబల్ల మీద అప్పటికే మౌసుల సంత పెట్టినట్టుంది. దుకాణం యజమాని వీరేష్ విసుక్కోలేదు, అది అతని వ్యాపారం. పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమె మొగుడు రామాంజి కూడా విసుక్కోకపోవడమే వింత.

వాళ్లది ఎమ్మిగనూరు. రామాంజి చీరలు నేస్తాడు, వాటి అంచులు గీసేది చౌడేశ్వరి. కంప్యూటర్‌లో గళ్లు తెరిచి ఒక్కో గడినీ నొక్కుతూ రంగు నింపాలి. ఒక నెమలి అంచు పూర్తయ్యేసరికి ఎన్నిసార్లు నొక్కాలో ఆమె మణికట్టునే అడగాలి. పాత మౌసు అప్పడంలా చదునుగా ఉండి అరచేతికి ఆనేదే కాదు. పట్టీ పట్టీ మణికట్టు వాచింది. నీళ్ల చెంబు ఎత్తడం కూడా కష్టమైంది. “ఆ మౌసు మార్చు, లేదంటే గీతపని మానుకో,” అని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఆ రోజు చౌడేశ్వరి బస్సులో ఏడుస్తూనే ఇంటికొచ్చింది. తను గీసిన అంచున్న చీర కట్టుకుని ఎవరైనా వీధిలో ఎదురైతే ఆమెకు కలిగే గర్వం ఇంకెందులోనూ లేదు మరి.

రామాంజి మాత్రం కొత్తది కొననన్నాడు. పిసినారి అనుకునేరు, కానే కాదు. వాళ్ల ఇంటి ఆచారం అలాంటిది. ప్రాణమున్న పనిముట్టును పక్కన పెట్టకూడదు. మగ్గంలో అటూ ఇటూ నూలు తిప్పే నాడె అయినా, కత్తెర అయినా పనిచేసినన్నాళ్లు వాడాలి. పాడయ్యాక పూలు పెట్టి తుంగభద్రలో వదలాలి. “తిండి పెట్టేదాన్ని బతికుండంగనే తరిమేస్తే అమ్మవారు ఊరుకుంటాదా?” అనేవాడు. ఆమె బతిమాలింది, అలిగింది, వాచిన చెయ్యి చూపించింది. చూసి జాలిపడి తైలం రాసేవాడే గానీ మాట మార్చేవాడు కాదు. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అలాంటి మనిషి ఇవాళ తానే వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆయుధపూజ నాడు మగ్గానికీ, నాడెలకూ, కంప్యూటర్‌కూ పసుపు కుంకుమలు పెట్టి టెంకాయ కొట్టారు. మర్నాడు చూస్తే తెర మీది బాణం కదల్లేదు. రామాంజి ఆ మౌసును కళ్లకద్దుకున్నాడు.

“అమ్మవారి పాదాల కాడ పానం ఇడిసింది. ఎంత పుణ్యం చేసుకునిందో,” అన్నాడు.

వీరేష్ ఇంకో మౌసు తీశాడు. “దీన్ని చూడక్కా. ఈ బంతిని బొటనవేలితో తిప్పితే సాలు, చెయ్యి కదిలించే పనే లేదు.”

చౌడేశ్వరి తిప్పి చూసింది. “నేను ఒక గడికాడ ఆపాలనుకుంటే ఇది పక్క గడికి పోతాందప్పా.”

“మెల్లగా అలవాటైతాది. అవునన్నా, పాతదేమైంది?”

“పోయిందప్పా. ఇదో, ఏటికి తీసుకపోతాండాం,” అని రామాంజి సంచీ తట్టాడు.

“ఒకసారి ఇట్లియ్యి, చూస్తా. ఒక్కోసారి దాని అడుగున వెలిగే దీపం కాడ దుమ్ము చేరినా బాణం కదలదు. తుడిస్తే మళ్లా నడుస్తాది.”

చౌడేశ్వరి చేతిలోని మౌసును ఠక్కున కింద పెట్టేసింది. అది బతికిందంటే ఇంక కొత్తది రాదు, గీతపనీ ఉండదు. మొగుడి చెయ్యి సంచీలోకి పోతుందేమోనని కన్నార్పకుండా చూసింది.

రామాంజి సంచీని ఒళ్లోకి లాక్కున్నాడు. “పూలు పెట్టి పంపించేటప్పుడు వైద్యం చేస్తారా? వద్దులేప్పా. హాయిగా పోయిందాన్ని పోనీ.”

ఆమె ఊపిరి పీల్చుకుని, “ఆ నిలబడినట్టుండేది ఏందప్పా?” అంది.

“నిలువు మౌసక్కా. లోటా పట్టుకున్నట్టు పట్టుకో.”

పట్టుకుంది. అరచెయ్యి బల్ల మీద బోర్లా పడకుండా పక్కవాటుగా నిలిచింది. తెర మీద గళ్లు తెరిపించి గుడి అంచు ఒక వరుస గీసింది, తర్వాత ఇంకో వరుస. మణికట్టు కిక్కురుమనలేదు. ఆమె ముఖం విప్పారింది.

“ఇదే,” అంది.

మౌసు కింద వేసే మ్యాట్ దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. నున్నటి దాని మీద మౌసు జారిపోయింది. మెత్తటి దిండున్నది సరిగ్గా నొప్పిచోటే ఒత్తింది. చివరికి రామాంజి స్టూలు దిగి వచ్చి, గుడ్డతో చేసినదాన్ని వేలితో నిమిరాడు.

“నేత గట్టిగా ఉండాది. పెద్దది తీసుకో, చెయ్యంతా ఆనల్ల,” అన్నాడు.

చెయ్యి పాడవుతుంటే కదలని మనిషి, ఇప్పుడు ఆ చేతికి మ్యాట్ ఎంచి పెడుతున్నాడు. చౌడేశ్వరికి నవ్వూ వచ్చింది, ప్రేమా పొంగింది.

పొద్దు వాలేవేళకు తుంగభద్ర ఒడ్డుకు వచ్చారు. రామాంజి పాత మౌసుకు తీగ చుట్టి, మీద బంతిపువ్వు పెట్టి, మోకాళ్ల లోతు నీళ్లలో దిగి వదిలాడు. అది బుడుంగుమని మునిగింది.

ఒడ్డున చౌడేశ్వరి కొత్త పెట్టెను చంకలో ఇరికించుకుని, కళ్లు మూసి దండం పెట్టింది. “తప్పు కాయి తల్లీ,” అని గొణుక్కుంది.

“బాధపడొద్దులే. అట్లాంటి సావు ఎన్ని పనిముట్లకొస్తాది?” అని రామాంజి ఓదార్చాడు.

ఆమె తల ఊపింది. రేపు పొద్దున్నే నెమలి అంచు మొదలుపెట్టాలి. తలుచుకుంటేనే వేళ్లు ఉరకలేస్తున్నాయి.

పండగనాడు ఆ మౌసు అడుగున వెలిగే దీపానికి పసుపు ముద్ద మెత్తింది ఆమే.